బాపు చెయ్యి

"ఇంకోసారి పెట్టు," అంది మనోరమ.

ఇన్‌స్పెక్టర్ జైపాల్ ఫోన్‌ను బల్ల మధ్యకు జరిపి వేలితో నొక్కాడు. మనిషి ముఖంలో పెళ్ళికళ ఉట్టిపడుతోంది. హత్య కేసు మూడు రోజులు తిరక్కుండా తేలిపోతే ఏ ఇన్‌స్పెక్టర్‌కైనా ఆ కళ వస్తుంది మరి.

ఫోన్‌లోంచి మగగొంతు వచ్చింది. కళ్ళు మూసుకుని, ఒక్కో మాటా తడుముకుని బయటికి తీస్తున్నట్టుంది.

"బాపు చెయ్యి నా చేతిల ఉన్నది. తడిసున్నది. జారుతాంది. నీళ్ళు నోట్లెకు పోతున్నయ్. నా దిక్కే చూస్తుండు. నా కండ్లల్లకే చూస్తుండు. నేను వేళ్ళు ఇడిపిస్తున్న. ఒక్కో వేలు... ఇడిసిపెట్టిన. బాపును నేనే సంపిన."

అంతటితో ఆగిపోయింది. జైపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇగ చెప్పు మనోరమా. ఇంతకంటె ఏం కావాలె నీకు?"

మనోరమకు చాలా కావాలి గాని, చేతిలో మాత్రం ఏమీ లేదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికే నర్సయ్య మొన్న పొద్దున అదే చెరువు ఒడ్డున శవమై తేలాడు. నిన్న మధ్యాహ్నం అతని కొడుకు మల్లేష్‌ను, సైన్యం నుంచి రిటైరై వచ్చినవాణ్ణి, జైపాల్ పట్టుకొచ్చాడు. మల్లేష్ భార్య దీప రాత్రంతా స్టేషన్ మెట్ల మీద కూర్చుని, తెల్లవారగానే అల్వాల్‌లో మనోరమ తలుపు తట్టింది. మనోరమ ఒకప్పుడు ఈ డిపార్ట్‌మెంట్ మనిషే. జైపాల్, ఆమె ఒకే బ్యాచ్. ఆమె ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నప్పటి నుంచి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"పోస్ట్‌మార్టంల మెడ వెనక అదిమిన గుర్తులున్నయ్ అన్నవ్. ఇందుల చెయ్యి ఇడిసిపెట్టిన అంటుండు. రెండిట్ల ఏది?" అని అడిగింది.

"ముందుగాల అదిమిండు. తర్వాత ఇడిసిండు."

"నీ ముందర ఏమని ఒప్పుకున్నడు?"

"గిదే మాట. మీ బాపును ఎట్ల చంపినవ్‌రా అని అడిగిన. నీళ్ళల్ల చెయ్యి ఇడిసిన సార్, నాకు శిక్ష పడాలె అన్నడు. మనోరమా, నేను లాఠీ ముట్టలే. వాడు నీళ్ళు గూడ అడగలే. ఏడ్వలే. ఎప్పటి సంది మోస్తున్నడో, మూట దించినట్టు చెప్పిండు."

"పోలీసు ముందర ఒప్పుకున్నది కోర్టుల చెల్లదు. పక్కపక్క బెంచీలల్ల కూసొని చదివినం."

"అందుకే నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందర చెప్పిస్తున్న. వాడే చెప్తనంటుండు."

"రికార్డింగ్ ఎవరిచ్చిండ్రు?"

"అది నీకు అవసరం లేదు."

"మల్లేష్‌ను ఒక్కసారి చూస్త."

"నువ్వేమన్న వకీలువా?" అన్నాడు జైపాల్. తర్వాత ఎందుకో గొంతు తగ్గించాడు. "చూడు, మా బాపు పోయినప్పుడు నేను బందోబస్తుల ఉన్న. జగిత్యాల పోయేవరకు కట్టెలు ఆరినయ్. ఆయన చెయ్యి ఒక్కసారి పట్టుకునుంటే బాగుండు అని రోజూ అనుకుంట. వీడు చేతుల ఉన్న చెయ్యిని ఇడిసిపెట్టిండు. వీణ్ణి నేను ఇడిసిపెట్ట."

ఆ మాటలో వంకర లేదు. అదే మనోరమను భయపెట్టింది. లంచం తిన్న పోలీసును లొంగదీయొచ్చు గాని, మనసు రగిలిన పోలీసును ఆపడం బ్రహ్మతరం కూడా కాదు.

బయట మెట్ల మీద దీప లేచి నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మొగుడి అంగీ. అది లోపలికి ఇవ్వడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు.

"ఇన్నరా మేడం?"

"విన్న."

"నాకు గూడ ఇనిపించిండ్రు. గొంతు ఆయనదే. కాదని నేనెట్లంట?" దీప సంచిని గుండెకు హత్తుకుంది. "నిజం చెప్పన్నా? సంపిండేమో అని నాకే అనిపిస్తాంది. పట్టాసు పేలితే మంచం కిందికి దూరే మనిషి. ఒకపారి నిద్రల నా గొంతే పట్టిండు. లేసి చూసుకొని చేతులు గోడకేసి కొట్టుకున్నడు. గాయినకు తెల్వకుంట చేసిండేమో. గని మేడం, వాళ్ళ నాయినంటే పానమిస్తడు. వాళ్ళ నాయినను ఎట్ల సంపుతడు?"

మనోరమ కారు తలుపు తీయబోతూ ఆగింది. దీప మాటల్లో ఏదో కంట్లో నలుసులా పడింది. ఏమిటో పట్టుబడలేదు. టైము లేదు. "ఎక్కు," అంది.

దారిలో దీప చెప్పిన సంగతులు ఇవి. ఆర్మీలో మనసు చెదిరిన సిపాయిలకు శామీర్‌పేట అవతల 'నిమ్మళం' అనే ఆస్పత్రి ఉంది. మల్లేష్ అక్కడే ఉండి వైద్యం చేయించుకుంటున్నాడు. వైద్యం అశ్రిత అనే డాక్టరమ్మది. బిల్డింగు మాత్రం భాస్కర్ పటేల్‌ది. పటేల్ కొడుకు శ్రీకాంత్ అక్కడ మేనేజరు. ఆ బిల్డింగు వెనక చెరువు శిఖంలోకి, అంటే నీళ్ళు నిండినప్పుడు మునిగే నేలలోకి, కొత్తగా గోడ లేస్తోంది. చేపలోళ్ళ సంఘం తరఫున నర్సయ్య రెండుసార్లు ఆ గోడ పని ఆపించాడు.

"కొడుక్కు ఆడనే వైద్యం, తండ్రికి ఆడనే తగాదా?" అంది మనోరమ.

"మా మామ అదే అంటుండె. డాక్టరమ్మ దేవత, గోడ దయ్యం అని."

* * *

గది బయట ఎర్రబల్బు ఉంది. అది వెలుగుతుంటే లోపలికి ఎవరూ రాకూడదని లెక్క. ఇప్పుడు ఆరిపోయి ఉంది.

లోపల దంతవైద్యుడి దగ్గరుండేలాంటి వాలుకుర్చీ, దాని పక్కన ఒక యంత్రం, యంత్రానికి పొడవాటి చెయ్యి, దాని చివర ఎనిమిది అంకె ఆకారంలో నల్లటి బిళ్ళ. ఎదురుగా మామూలు కుర్చీ, చిన్న బల్ల, బల్ల మీద రికార్డరు. కిటికీకి మందపాటి తెర.

డాక్టర్ అశ్రితకు నలభై కూడా ఉండవు. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

"ఈ బిళ్ళను తలకు ఆనిస్తామండీ. అయస్కాంతం. టకటకమని కొడుతుంది. నొప్పి ఉండదు, వడ్రంగిపిట్ట పొడిచినట్టుంటుంది. భయంతో బిగుసుకుపోయిన మెదడు దానివల్ల కాస్త సడలుతుందని మా ఆశ. అది ఆగిన వెంటనే మాట మొదలుపెట్టిస్తాం. వాన పడ్డాక దున్నితే నేల తేలిగ్గా లేస్తుంది కదా, అలాగన్నమాట. ఒట్టి అయస్కాంతం చాలదు, ఒట్టి మాటలకీ కొంతమంది లొంగరు. రెండూ కలిపి చేస్తున్నాం."

"ఏం మాట్లాడిస్తారు?"

"ఏ సంఘటన అతన్ని తింటోందో అదే. కళ్ళు మూసుకుని, ఇప్పుడే ఈ క్షణమే జరుగుతున్నట్టు చెప్పాలి. 'చూశాను' అనకూడదు. 'చూస్తున్నాను' అనాలి. మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చెప్పిందాన్ని రికార్డు చేసి ఇస్తాం, రోజూ వినాలి. వినగా వినగా దాని కోరలు ఊడతాయి."

మనోరమ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇది తలుపుకి వీపు పెట్టి ఉంది. యుద్ధం చూసినవాళ్ళు తలుపుకి వీపు పెట్టరని విన్నాను."

అశ్రిత మెడ దించుకుంది. "పెట్టరు. వచ్చిన రోజు నుంచీ మల్లేష్ కోసం కుర్చీ తిప్పేవాళ్ళం. నిన్న తనే వద్దన్నాడు. 'గిట్లనే కూసుంట మేడం, ఎవరొస్తరు' అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చిందండీ. నాలుగు వారాల వైద్యం ఆ ఒక్క మాటలో ఉంది. అయస్కాంతం అయింది, కథ సగానికొచ్చింది. మనిషి నీళ్ళలోకి పూర్తిగా దిగి ఉన్నాడు. అప్పుడు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేశారు పోలీసులు."

"మధ్యలోనా?"

"మధ్యలో. లోపలికి దింపాక పైకి తేవడం అని ఒకటుంటుంది. కళ్ళు తెరిపించి, ఇది ఈ ఏడాది, ఇది ఈ గది, అది అయిపోయింది అని చెప్పి, చెప్పినదాని గురించి నెమ్మదిగా మాట్లాడించాలి. వైద్యంలో సగం అదే. అది చెయ్యనివ్వలేదు. దింపాను, పైకి తేలేదు. అతనింకా అక్కడే ఉన్నాడు."

దీప గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

మనోరమ తలుపు దగ్గరకు వెళ్ళి వంగింది. లోపలి గొళ్ళెం చక్కగా ఉంది. చెక్క చిట్లలేదు, మరలు కదల్లేదు, రంగు కూడా గీరుకోలేదు.

"తలుపు లోపల వేసుకున్నారా?"

"ఎప్పుడూ వేసుకుంటాను."

"పోలీసులు ఎలా వచ్చారు?"

"తోసుకొని వచ్చిండ్రు మేడం," అన్న జవాబు గుమ్మం బయట నుంచి వచ్చింది. ఇస్త్రీ చొక్కా, మెడలో సన్నటి గొలుసు, చేతిలో తాళాల గుత్తి. మేనేజర్ శ్రీకాంత్. "నేను ఆపుదామనుకున్న. పోలీసోళ్ళను ఆపుతమా? చాయ్ తాగుతరా?"

"తోసుకొచ్చారా?"

"మస్తు లొల్లి చేసిండ్రు."

"లొల్లి చేసినా గొళ్ళెం మీద గీత పడలేదు. బయట నుంచి తీసే తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది డాక్టర్?"

అశ్రిత తలెత్తి శ్రీకాంత్ చేతిలోని గుత్తి వైపు చూసింది. ఆ గుత్తి మెల్లగా జేబులోకి వెళ్ళిపోయింది. "నాకు పనున్నది," అని శ్రీకాంత్ వెళ్ళిపోయాడు. చాయ్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మనోరమ అతని వెంట పడలేదు. తాళం తీసినంత మాత్రాన హంతకుడైపోడు. పోలీసులు అడిగితే ఎవడైనా తీస్తాడు. నాలుగింటికి మల్లేష్ నోరు విప్పితే ఇంక ఏ తాళంతోనూ పని లేదు. ఆమె డాక్టర్ ఎదురుగా కూర్చుంది.

"ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని ఏమీ అడగలేదా?"

"ఫోన్‌లో ఒక్కటే అడిగారు. 'బాపును చంపినట్టు మీకు చెప్పిండా' అని. అబద్ధం ఆడలేను కదండీ. చెప్పాడన్నాను. అది నేరం కాదు, అదే అతని జబ్బు అని చెప్పబోతుంటే పెట్టేశారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. తండ్రి చనిపోయిన సంగతే నాకు పోలీసులు వచ్చాక తెలిసింది. ఆ హత్యకి వాళ్ళ దగ్గర వేరే సాక్ష్యమేదో ఉందనుకున్నాను."

మనోరమ కుర్చీలో ముందుకు జరిగింది.

"వేరే సాక్ష్యమా? ఏ సాక్ష్యానికి వేరే?"

"అంటే... బాపు సంగతి కాక."

"డాక్టర్, బాపు అంటే ఎవరు?"

అశ్రిత ఆమె వైపు వింతగా చూసింది. "అతనితో పనిచేసిన సిపాయి. మరాఠీ కుర్రాడు. పన్నెండేళ్ళ క్రితం కొండవాగు దాటుతుంటే కొట్టుకుపోయాడు. మల్లేష్‌కి ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో అతని చెయ్యి. వదలకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు. వదిలాడు. ఆ పేరు ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకలా చూస్తున్నారు?"

"మీదే ఊరు?"

"తెనాలి."

"మీ నాన్నను ఏమని పిలుస్తారు?"

"నాన్నగారు అని."

"జైపాల్‌ది జగిత్యాల," అంది మనోరమ. "అక్కడ నాన్నను బాపు అంటారు."

అశ్రిత రెండు చేతులతో నోరు మూసుకుంది. తాను అన్న 'చెప్పాడు' అనే ఒక్క మాట ఎక్కడికి వెళ్ళి తగిలిందో ఆమెకు ఇప్పుడు కనబడింది. ఆయన అడిగింది తండ్రి గురించి, ఈమె చెప్పింది స్నేహితుడి గురించి. ఇద్దరూ తెలుగే మాట్లాడుకున్నారు.

మనోరమ దీప వైపు తిరిగింది. స్టేషన్ ముందు కంట్లో పడ్డ నలుసు ఏమిటో తెలిసింది. "మల్లేష్ మీ మామను ఏమని పిలుస్తడు?"

"నాయిన అనే," అంది దీప. ఆమెకింకా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవలేదు, లేచి నిలబడింది. "అయితే మా ఆయన సంపలే?"

"రికార్డింగ్ మొత్తం కావాలి నాకు."

"ఇవ్వలేను," అంది అశ్రిత. "అది రోగి సొత్తు. అతని అనుమతి లేకుండా నేను—"

"అతను ఉరికి అనుమతి ఇచ్చుకుంటున్నాడు డాక్టర్. నాలుగింటికి. మీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా?"

అశ్రిత కళ్ళు మూసుకుంది. తర్వాత బల్ల మీది రికార్డరును చేతికిచ్చే బదులు తానే పట్టుకుని, కొంత వెనక్కి జరిపి వినిపించింది. అదే గొంతు. కాని ఇక్కడ ఆ గొంతులో నవ్వుంది.

"నీళ్ళు మస్తు సల్లగున్నయ్. మంచు కరిగిన నీళ్ళు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నయ్. బాపుగాడు తాడు కట్టుకోలే. కట్టుకోరా అంటున్న. నవ్వుతుండు. బాపుగాడు ఎప్పుడు గంతే..."

ఆ వెంటనే, "బాపు చెయ్యి నా చేతిల ఉన్నది."

"ఆపండి," అంది మనోరమ. జైపాల్ ఫోన్‌లో ఉన్న ముక్క సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఎవరో నవ్వును కోసేసి చావును పంపారు. కోసినవాడు ఈ యాస తెలిసినవాడు. ఏ మాట ఉంటే కొంప మునుగుతుందో, ఏ మాట లేకపోతే జైపాల్ నమ్ముతాడో ఎరిగినవాడు. "ఇది మీ దగ్గర కాక ఇంకెక్కడుంటుంది?"

"మల్లేష్ ఫోన్‌లో. ఆఫీసు కంప్యూటర్‌లో."

"ఆఫీసులో కూర్చునేది?"

"శ్రీకాంత్."

ముగ్గురూ కారు దగ్గరకు దాదాపు పరుగెత్తారు.

* * *

జైపాల్ జీపు స్టార్టులో ఉంది. మల్లేష్‌ను ఇంకా బయటికి తేలేదు.

"మళ్ళొచ్చినవా?" అన్నాడు జైపాల్. "ఇప్పుడు డాక్టర్‌ను గూడ తోలుకొచ్చినవ్. ఏం, పిచ్చోడని సర్టిఫికెట్టా?"

"రెండు నిమిషాలు."

"లేవు."

"నిన్నటి సంది వాణ్ణి అడుగుతున్నవ్ గద. నర్సయ్య అన్న పేరు ఒక్కసారన్న తీసినవా?"

జైపాల్ చిరాగ్గా చూశాడు. "కొడుకును అడుగుతుంటె పేరెందుకు? మీ బాపు అంటె తెల్వదా?"

"శవం ఫొటో చూపించినవా?"

"ఒప్పుకున్నోనికి ఫొటో ఏం జేస్కోను?"

"డాక్టర్, పెట్టండి."

అశ్రిత రికార్డరు నొక్కింది. జీపు శబ్దంలో సరిగ్గా వినబడక జైపాల్ చెయ్యూపి ఇంజన్ ఆపించాడు. చల్లని నీళ్ళు, కట్టుకోని తాడు, నవ్వు. బాపుగాడు అన్న మాట దగ్గర అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు ముఖం పాలిపోయింది.

"నువ్వు మీ బాపును ఎన్నడన్న గాడు అన్నవా జైపాల్?" అని అడిగింది మనోరమ. "చచ్చినా అనవు. ఏ కొడుకూ అనడు. ఈ బాపు వాని దోస్తు. మరాఠోడు. పన్నెండేండ్ల కింద వాగుల పోయిండు. మల్లేష్ వాళ్ళ నాయినను నాయిన అంటడు. నువ్వు బాపు అని అడిగినవ్, వాడు బాపు గురించి చెప్పిండు. ఇద్దరు నిజమే మాట్లాడిండ్రు."

జైపాల్ వెంటనే లొంగలేదు. లొంగితే అతను జైపాల్ ఎలా అవుతాడు. "దోస్తు సంగతి దోస్తుది, తండ్రి సంగతి తండ్రిది. రెండూ జేసిండేమో," అన్నాడు. కాని ఆ మాట అతని చెవికే చప్పగా తగిలినట్టుంది. జేబులోంచి తాళం చెవి తీసి లోపలికి నడిచాడు. మనోరమ, అశ్రిత అతని వెనకే వెళ్ళారు. దీపను గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

మల్లేష్ లాకప్‌లో ఒక మూల గోడకు వీపు ఆనించి, తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. వీళ్ళను చూడగానే లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"కోర్టుకు టైమైందా సార్? నేను తయారే."

అంత నెమ్మదైన ముఖం మనోరమ ఈమధ్య ఎక్కడా చూడలేదు. పన్నెండేళ్ళుగా ఎవరూ వేయని శిక్ష ఇన్నాళ్ళకు పడబోతోందన్న నెమ్మది అది.

"మల్లేష్, బాపు పూర్తి పేరేంది?"

"బాపు గాయ్‌క్వాడ్, మేడం. మా సెక్షనే."

జైపాల్ ఊచ పట్టుకున్నాడు.

"మీ నాయిన పేరు?"

"నర్సయ్య."

"మీ నాయిన ఇప్పుడు యాడున్నడు?"

మల్లేష్‌కు ఆ ప్రశ్న ఎందుకో తెలియలేదు. "ఇంటి కాడ ఉండొచ్చు మేడం. లేకుంటె చెరువు మీదికి పోయుంటడు. ఆయనకు చెప్పకుండ్రి నేను గీడ ఉన్నానని. కొడుకును పోలీసులు పట్టుకపోయిండ్రంటె తట్టుకోలేడు. శిక్ష పడ్డంక నేనే నిమ్మళంగ చెప్పుకుంట."

గుమ్మం అవతల దీప నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మనోరమకు కనిపించింది.

నిన్న మధ్యాహ్నం నుంచి ఇంతమంది ఇతని చుట్టూ తిరిగారు. తండ్రిని చంపినవాడని మొహం చిట్లించినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. తండ్రి పోయాడని చెప్పినవాడు ఒక్కడు లేడు. తెలిసినవాడికి చెప్పేదేముందని అందరూ అనుకున్నారు. శవం దగ్గరే ఉండిపోయిన దీప, ఆస్పత్రివాళ్ళే చెప్పి ఉంటారనుకుంది.

మనోరమ ఊచల దగ్గరకు జరిగింది. అడగక తప్పదు, ఇప్పుడే అడగాలి, ఆ సంగతి చెప్పాక ఈ మనిషి నోట మాట వస్తుందో రాదో. "నాయినను ఆఖరుకు ఎప్పుడు చూసినవ్?"

"అటుమొన్న రాత్రి, ఆస్పత్రి కాడ. కొర్రమీను కూర తెచ్చిండు నాకోసం. తింటుంటె శ్రీకాంత్ సారొచ్చి, గోడ సంగతి మాట్లాడుదాం రా నర్సయ్యా, కడాఖరుకు తెంపేద్దాం అని బండి మీద ఎక్కించుకొని పోయిండు. శిఖం దిక్కు పోయిండ్రు. జల్దీ వస్త, నువ్వు తిను అన్నడు నాయిన. మల్ల రాలే. అటే ఇంటికి పోయుంటడు."

జైపాల్ నెమ్మదిగా మనోరమ వైపు తిరిగాడు. మాట గుసగుసగా వచ్చింది. "రికార్డింగ్ నాకు పంపింది గా శ్రీకాంతే. నాతోని రోజూ చాయ్ తాగుతడు. మిషన్ ఆగంగనే రా అన్నా, అప్పుడే వాడు నిజం చెప్తడు అన్నడు. తలుపు తాళం గూడ ఆయనే తీసిండు." వెనక్కి తిరిగి కానిస్టేబుల్‌తో, "జీపు తీయ్. నిమ్మళం కాడికి. శ్రీకాంత్ గేటు దాటద్దు," అన్నాడు. బూట్ల చప్పుడు దూరమైంది.

"మేం పోంగనే అదిరిపడ్డడు. ఇప్పటికే దాటి ఉంటడు," అంది మనోరమ. జైపాల్ వినలేదు. అతను మల్లేష్‌ను చూస్తున్నాడు.

"ఏమైంది సార్?" అన్నాడు మల్లేష్.

అశ్రిత ముందుకు వచ్చింది. "నేను చెప్తాను. ఇతన్ని ముందు కూర్చోబెట్టి, నెమ్మదిగా—"

"నేనే చెప్పాలె," అన్నాడు జైపాల్. లాకప్ తలుపు తీసి లోపలికి వెళ్ళి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మల్లేష్, మీ బా—" నాలుక కరుచుకున్నాడు. ఆ మాట ఇక ఆ గదిలో అతని నోట రాదు. "మీ నాయిన లేడు. మొన్న చెరువుల దొరికిండు. ఎవరో నీళ్ళల్ల ముంచిండ్రు."

మల్లేష్ నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఏడుస్తాడని, అరుస్తాడని, తన మెడ పట్టుకుంటాడని జైపాల్ ఎదురుచూశాడు. పట్టుకున్నా బాగుండేది.

"నీళ్ళల్లనా?" అన్నాడు మల్లేష్.

"ఆ."

మల్లేష్ కళ్ళు మూతపడ్డాయి. నిన్నటి నుంచి దిగి ఉన్న చోటికే మరింత లోతుకు దిగిపోతున్నట్టు ఊపిరి బరువుగా తీశాడు. "వద్దు, కళ్ళు తెరువు మల్లేష్, నన్ను చూడు," అంటూ అశ్రిత అతని భుజాలు పట్టుకుని ఊపింది. అతను ఆమెను చూడలేదు. తన కుడిచేతిని పైకెత్తి, విచ్చుకున్న వేళ్ళను ఒక్కొక్కటే తడుముకుని, జైపాల్‌ను అడిగాడు.

"నాయిన చెయ్యి గూడ నేనే ఇడిసిపెట్టిన్నా, సార్?"